తంతి మేష్టారి కరెంటు కారు

“మీ కరెంటు కారు మేష్టారు పోయేరు కదండీ,” అన్నాడు సఖినేటిపల్లి రేవులో టిక్కెట్లు చింపే మనిషి.

నరసాపురంలో ఒకరింట్లో ఇన్వర్టరు మొరాయిస్తోందంటే అవతలి ఒడ్డుకి వెళ్తున్నాను. బళ్ళనీ మనుషుల్నీ దాటించే పంటు ఇంకా రాలేదు. ఎప్పుడు పోయారని అడిగాను.

“నెల దాటిందండి. మీకు కబురు రాలేదా? ఆ కారు చూసేది మీరే కదండీ.”

అతను మామూలుగానే అన్నాడు. పంటు వచ్చింది. ఎక్కి రెండు మోటారు సైకిళ్ళ మధ్య నిలబడ్డాను. గోదావరి దాటుతున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, ఆయన ఎడమకాలు.

పసితనంలోనే పోలియోతో చచ్చుబడిన కాలు అది. కారు తలుపు తీసి, వీధి వైపు మొహం పెట్టి సీటు మీద కూర్చునేవారు. మోకాలి దగ్గర పంట్లాం గుడ్డ పట్టుకుని, ఆ కాలిని ఎత్తి లోపల దించేవారు, గాజు సామాను దించినట్టు. తరవాత కుడికాలు పెట్టుకుని, చంక కర్రని పక్క సీటులో పడుకోబెట్టి, తలుపు మెల్లిగా లాక్కునేవారు. ఇదంతా అయ్యేసరికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాల్లో ఎవరైనా సాయానికి చెయ్యి చాపితే “అక్కర్లేదండి, అలవాటేనండి” అనేవారు. కంఠంలో విసుగు ఉండేది కాదు గాని, చాపిన చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయేది.

రాజోలు తంతి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు టెలిగ్రాములు పంపి రిటైరయ్యారు. నేను ఆయన్ని ఎరిగేనాటికి ఆ టెలిగ్రాఫు మీట బల్ల మీద నుంచి ఎప్పుడో వెళ్ళిపోయింది, ఊళ్ళో తంతి మేష్టారన్న పేరు మాత్రం ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. పెద్ద లోగిలి కాదు, రెండు గదులూ ఓ వసారా. మనిషి ఎంత పొదుపో మాట అంత మర్యాద. చిన్నా పెద్దా అందరినీ మీరనే అనేవారు. చివరికి కారుని కూడా.

ఆయన నాకు మొదటిసారి ఫోను చేసింది ఇలాగ. “నమస్కారమండి. ఖాళీగా ఉన్నారాండీ? లేకపోతే మళ్ళీ చేస్తాను.”

“చెప్పండి.”

“వారికి పొద్దుటి నుంచీ ఒంట్లో నలతగా ఉందండి.”

“డాక్టరుకి చూపించారా మరి?”

“అందుకేనండి మీకు చేసేను.”

అప్పుడు అమలాపురంలో నాకు బ్యాటరీల కొట్టు ఉండేది. కరెంటు కోతల పుణ్యమా అని ఇన్వర్టర్ల గిరాకీ బాగా ఉన్న రోజులు. కరెంటుతో నడిచే చిన్న కారొకటి తయారుచేసే కంపెనీవాళ్ళు మా వైపు సర్వీసుకి నన్ను పెట్టుకున్నారు. పది రోజులు శిక్షణ ఇచ్చి, ఒక లాప్‌టాపూ ఒక కేబులూ చేతికిచ్చారు. సీటు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి కేబులు తగిలిస్తే కారు బుర్రలో ఉన్నదంతా తెర మీదకి వస్తుంది. ఆ సంచీ భుజానికి తగిలించుకుని వీధిలో నడుస్తుంటే జనం చూసేవారు. వాళ్ళు చూస్తున్నారని నాకు తెలుసు. కొంచెం నెమ్మదిగా నడిచేవాణ్ణి.

నా చేతి కింద ఉన్న కార్లు రెండే. ఒకటి మండపేటలో రైసు మిల్లు యజమానిది, రెండోది మేష్టారిది. మిల్లాయన సరదాకి కొన్నాడు. మేష్టారికి అది సరదా కాదు. దానికి క్లచ్చి లేదు, గేర్లు లేవు. ఉన్నవి రెండే పెడళ్ళు, ఒక్క కాలు చాలు. అప్పట్లో ఆయన సొంతంగా తోలుకోగలిగిన కారు, ఆయన కొనుక్కోగలిగింది, అదొక్కటే.

“అంతకుముందు నేను సామాను కింద లెక్కండి,” అన్నారోసారి. “రిక్షాలోంచి ఒకరు ఎత్తేవారు, పడవలో ఒకరు దించేవారు. చాలా మంచివాళ్ళండి. ఒక్కరూ విసుక్కోలేదు. కాని ఎత్తేముందు ప్రతీవాడూ ఒక్కసారి ఊపిరి తీసుకునేవాడండి. ఆ ఊపిరి వినబడేది.”

రాత్రి కారుకి ఛార్జింగు పెడితే వసారాలోంచి వైరు వీధిదాకా వచ్చేది. పక్కింటివాళ్ళు గోడ మీంచి “పాలు పడుతున్నారా మేష్టారూ?” అనేవారు. “ఆయ్, ఇప్పుడే నోరు పెట్టేరండి, కరెంటు తియ్యకుండా ఉంటే నిద్రోతారు” అని ఈయన జవాబు.

ఆ కారు ఆయన రోజూ తీసేవారు కాదు. సామాన్లకీ, ఆదివారం ప్రార్థనకీ దగ్గర్లోనే తిరిగేవారు. బుధవారం మాత్రం నరసాపురం. పొద్దున్నే టిఫిను డబ్బా పెట్టుకుని బయల్దేరేవారు. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కి, గోదావరి దాటి, సాయంత్రం పంటు మీద వెనక్కి వచ్చేవారు. అవతల ఏముందని నేను అడగలేదు. ఒక బుధవారం కారు కింద ఏదో చప్పుడు వస్తోందంటే, తోవలో వింటానని నేనూ ఎక్కాను.

నరసాపురంలో ఆయన కారు ఆపింది ఇంకో తంతి మనిషి ఇంటి ముందు. ఈ ఒడ్డు ఆఫీసులో ఈయన, ఆ ఒడ్డు ఆఫీసులో ఆయన. ఒకరి మొహం ఒకరు చూసుకోకముందే పదకొండేళ్ళు తీగ మీద మాట్లాడుకున్నారట. టెలిగ్రాములు లేని వేళల్లో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు: భోంచేశారా, మీ వైపు వాన పడుతోందా, కూర ఏమిటి. “ఆయన మీట నొక్కే తీరు విని జ్వరం ఉందో లేదో చెప్పేసేవాణ్ణండి,” అన్నారు మేష్టారు.

రిటైరయ్యాక ఆ స్నేహితుడికి చెవులు పోయాయి, తన గొంతు తనకే వినబడక మాట్లాడడమూ మానేశాడు. తరవాత షుగరుతో కళ్ళు పోయాయి. ఫోను చేస్తే వినబడదు, ఉత్తరం రాస్తే కనబడదు. మిగిలింది చెయ్యి.

వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉన్నాయి. మేష్టారు కూర్చుని, చంక కర్ర గోడకి ఆన్చి, స్నేహితుడి మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టారు. కొట్టడం మొదలుపెట్టారు. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, మళ్ళీ పొట్టి. ఆ పెద్దాయన మొహం నేను చూస్తుండగానే మారిపోయింది. తల కొంచెం పక్కకి వంచి, పెదాలు కదుపుతూ విన్నాడు. చేత్తో విన్నాడనాలి. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. మేష్టారి అరచెయ్యి లాక్కుని తను కొట్టాడు. ఈసారి మేష్టారు నవ్వారు. ఆ ఇంట్లో మాట అన్నది లేకుండా గంటసేపు కబుర్లు నడిచాయి.

ఆ పెద్దాయన కోడలు కాఫీ తెచ్చి, “మాకెప్పటికీ తెలీదండి ఏం చెప్పుకుంటారో. మా వంటల గురించేనేమో,” అంది.

తిరిగొస్తూ అడిగాను, ఎందుకంత నవ్వారని.

“మిమ్మల్ని గురించేనండి. వచ్చిందెవరు అని అడిగేరు. మా కారు వైద్యులండి, మనిషి చిన్నవారే గాని సంచీ మాత్రం చాలా పెద్దదండి అన్నాను.”

నేనూ నవ్వాను. కాస్త గుచ్చుకుంది కూడా.

ఆ వేసవిలో కంపెనీ నుంచి ఒక సీడీ వచ్చింది. కారు బుర్రలో ఎక్కించాల్సిన కొత్త ప్రోగ్రాము. దీనివల్ల వాహనం పనితీరు మెరుగవుతుందని యజమానులకి చెప్పమని ఒక కాగితం జతచేశారు. సంగతేమిటని ఫోనులో అడిగితే అక్కడి ఇంజనీరు దాచలేదు. గ్యారంటీ తీరకుండానే బ్యాటరీలు చచ్చిపోతున్నాయట. అందుకని బ్యాటరీ నుంచి లాగే కరెంటు తగ్గించేస్తున్నారు. రోడ్డు మీద పెద్దగా తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బలం చాలదు. “మీరేం చెప్పకండి, నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతారు,” అన్నాడు.

నేనేం చెప్పలేదు. రాజోలు వెళ్ళి కేబులు తగిలించాను. తెర మీద గీత నిండుతుంటే మేష్టారు పక్కన నిలబడి, ప్రార్థనలో నిలబడినట్టు, చూశారు.

“ఏం చేస్తుందండి ఇది?”

“మంచిదండి. బ్యాటరీకి ఆయుష్షు పెరుగుతుంది.”

“ఆయ్. ఆయుష్షు మంచిదే కదండి,” అని, కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చారు. ఇరవై నిమిషాల పని.

మా వైపు రోడ్లు బల్లపరుపుగా ఉంటాయి. ఎత్తనేది కాలవల మీద వంతెనల దగ్గరే. అవి కారు ఎలాగో ఎక్కేది. కాని రేవు వేరు. పంటు అంటే పడవల మీద బల్లలు పరిచిన తేలే నేల. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ గోదావరికి పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు నీరు పైకొచ్చి పంటూ ఒడ్డూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. పాటు వేళకి నీరు దిగిపోయి, పంటు దిగిన బండి గోడలాంటి వాలు ఎక్కాలి, అది కూడా బురదలో. పాత ప్రోగ్రాముతో కారు ఆ వాలు ఒక్క ఊపులో ఎక్కేసేది. కొత్తది ఎక్కించాక వచ్చిన మొదటి బుధవారం సగంలో ఆగిపోయింది. రేవు మనుషులు నెట్టారు.

ఆ వారంలోనే మండపేట నుంచి ఫోను. మిల్లాయన మర్యాదలతో మొదలుపెట్టే మనిషి కాదు.

“ఏం చేసేవయ్యా నా కారుని?”

“కంపెనీ కొత్త ప్రోగ్రామండి, మెరుగు...”

“మెరుగు నీ మొహం. నిన్నటిదాకా మిల్లు వాలు ఎక్కింది, ఇయ్యాళ ముసలి గేదెలా నిలబడిపోతంది. నా కారు, నా షెడ్డు, నన్నడక్కుండా దాని బలం తియ్యడానికి నువ్వెవడివి? సాయంత్రంలోగా పాతది పెట్టు. లేకపోతే ఆ కంప్యూటరుతో సహా నిన్ను ఊకలో కప్పెట్టేస్తాను.”

పాత ప్రోగ్రాము నా లాప్‌టాపులో ఉంది. కంపెనీవాళ్ళు తీసెయ్యమన్నారు, నేను తియ్యలేదు. బస్సెక్కి వెళ్ళి, షెడ్డులో కూర్చుని, కొత్తది తీసేసి పాతది ఎక్కించాను. మళ్ళీ ఇరవై నిమిషాలే. మిల్లాయన కారెక్కి ఓ చుట్టు తిరిగొచ్చి, “ఇదీ,” అన్నాడు. నన్ను కూర్చోమని కూడా అనలేదు. నాకు కోపం రాలేదు. గండం గడిచిందనుకున్నాను.

కాని నెలాఖరుకి కంపెనీవాళ్ళకి తెలిసిపోయింది. ఇంకోసారి ఇలా చేస్తే సర్వీసు తీసేసి లాప్‌టాపు వెనక్కి పట్టుకుపోతామన్నారు. మేష్టారి ఫోను సరిగ్గా ఆ తరవాత వచ్చింది.

“ఆక్షేపణ కాదండి. ఒక సంగతి మీ చెవిని వేద్దామని.”

వెళ్ళాను. ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి ప్రయాణం రాశారు. ఎంత ఛార్జింగుతో బయల్దేరింది, ఏ వంతెన ఎన్ని సెకన్లలో ఎక్కింది, రేవులో నీరు ఎంత కిందకి ఉంది, కారులో బరువెంత. నేను ప్రోగ్రాము ఎక్కించిన రోజు దగ్గర ఎర్ర సిరాతో అడ్డగీత ఒకటి. ఆ గీతకి పైన అంకెలన్నీ ఒక రకం, కింద అన్నీ ఒక రకం. చదువురాని వాడికైనా అర్థమవుతుంది.

“గీతకి ముందు వారు ఎక్కేవారండి. గీత తరవాత ఎక్కనంటున్నారు,” అన్నారు. “పాతది తిరిగి పెట్టడానికి ఏవన్నా వీలుంటుందాండీ?”

సంచీ నా ఒళ్ళోనే ఉంది.

“లేదండి. ఒకసారి కొత్తది ఎక్కాక పాతది పెట్టడం కుదరదండి.”

అక్కడితో ఆగితే ఒక అబద్ధమే. ఆయన మళ్ళీ ఆ ఎర్రగీత వంక చూడడంతో నాకు కంగారు పుట్టి ఇంకోటి ఆడాను. “ప్రోగ్రాము వల్ల కాదండి. మీరు పెడలు ఒకేసారి గట్టిగా నొక్కేస్తున్నారేమో. కొత్తదానికి నెమ్మదిగా నొక్కాలి.”

ఆయన తన కుడికాలి వంక చూసుకున్నారు.

“అయ్యుండచ్చండి. ఉన్నది ఒక్క కాలు కదా, బరువు ఎంత వేస్తున్నానో దానికి తెలీదేమో.”

మిల్లాయన అరిస్తే భయపడ్డాను. మేష్టారు మర్యాదగా అడిగారు కాబట్టి భయపడలేదు. ఇంతకన్నా నా గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉద్యోగం, లాప్‌టాపు, ఆ సంచీ భుజాన వేసుకుని నడిచే నడక, ఇవన్నీ తరవాత నేను వెతుక్కున్న సాకులు. ఆయన కూడా ఒక్కసారి గొంతు పెంచి ఉంటే ఇరవై నిమిషాల్లో పాతది పెట్టేసి వచ్చేవాణ్ణి. గొంతు పెంచరని నాకు తెలుసు. తెలిసే ఆడాను.

తరవాత ఆ వీధివాళ్ళు చెప్పారు, మేష్టారు పొద్దున్నే కారు గుమ్మంలో పెట్టుకుని పెడలు నొక్కడం సాధన చేస్తున్నారని. రెండు ఇటుకల మీద పలక వేసి, దాని మీదకి కారు ఎక్కించి దించి, మళ్ళీ ఎక్కించి. “మేష్టారు ఈ వయసులో డ్రైవింగు నేర్చుకుంటన్నారేటండీ” అని పాలు పోసే ఆవిడ నవ్విందట. ఆయన “ఆయ్, ఇన్నాళ్ళూ తప్పు నేర్చుకున్నానంటండి” అన్నారట.

కంపెనీకి ఒక ఉత్తరం కూడా రాశారు. జవాబొస్తే నాకు చదివి వినిపించారు. మీ వాహనం ఇప్పుడు మునుపటికన్నా మెరుగైన స్థితిలో ఉన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “వాళ్ళు అంత గట్టిగా అంటున్నారంటే, మనకి అంతుపట్టని మెరుగేదో ఉండి ఉంటుందండి,” అన్నారు. వెటకారమేమో అని మొహం చూశాను. కాదు.

కారు మారదని నమ్మేశాక ఆయన గోదావరిని పట్టుకున్నారు. పంచాంగం, రేవు మనుషుల లెక్క, తన నోటుబుక్కు కలిపి, ఏ బుధవారం ఏ వేళకి పోటు మీద ఉంటుందో పట్టిక వేశారు. పోటు నిండే వేళకి ఈ ఒడ్డున పంటు ఎక్కాలి, అది దిగిపోయేలోపు తిరిగి రావాలి. మధ్యలో స్నేహితుడి దగ్గర కూర్చునేందుకు మిగిలేది ముప్పావుగంట. కొన్ని బుధవారాలు పోటు చీకటితో వచ్చి పోయేది, అప్పుడు అసలు వెళ్ళడమే లేదు. పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఉండే మనిషి ముప్పావుగంటకి వచ్చి లేచిపోతుంటే, కళ్ళూ చెవులూ లేని ఆ పెద్దాయనకి ఎందుకని తెలిసిందో లేదో. చెప్పే ఉంటారు. వేళ్ళతో కొట్టి చెప్పడానికి అదే కొంతసేపు పట్టి ఉంటుంది.

ఒక బుధవారం ఆలస్యమైంది. స్నేహితుడికి జ్వరం, చెయ్యి వదల్లేదట. తిరిగొచ్చేసరికి పాటు మొదలైపోయి నీరు దిగిపోయింది. సఖినేటిపల్లి వైపు వాలు సగం ఎక్కి కారు ఆగింది. ఆగి, మెల్లిగా వెనక్కి, నీళ్ళవైపు జారింది. రేవు మనుషులు పరిగెత్తి చక్రాల కింద చెక్కలు పెట్టారు. ఆయన్ని దించి, ఒకతను వీపు మీద వేసుకుని ఒడ్డెక్కించాడు. తరవాత కారు నెట్టారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరా ఆగి “శ్రమ ఇచ్చేనండి” అన్నారట. ఇవేవీ ఆయన నాకు చెప్పలేదు. కొన్నాళ్ళ తరవాత ఆ టిక్కెట్ల మనిషే చెప్పాడు. విని, అయ్యో అని, నా పని చూసుకున్నాను.

ఆ రోజు తరవాత కారు రేవుకి తేలేదు. రెండు బుధవారాలు ఊరుకుని, మూడో బుధవారం ఆటోలో వచ్చి, చంక కర్ర మీద పంటు ఎక్కబోయారు. ఎవరో చెయ్యి చాపితే అలవాటు కొద్దీ అక్కర్లేదన్నారు. తడి బల్ల మీద కర్ర జారింది. తుంటి విరిగింది.

రాజోలులో మంచం మీద ఉన్నారని తెలిసి వెళ్ళాను, బత్తాయిలు పట్టుకుని. కొత్తపేట నుంచి మేనకోడలు వచ్చి చూస్తోంది. ఆయన సన్నబడిపోయారు. కుశలప్రశ్నలన్నీ ఆయనే వేశారు. కొట్టు ఎలా ఉంది, కరెంటు కోతలు తగ్గేయా, సంచీ మార్చేరా.

“వారిని ఒకసారి చూడండి,” అన్నారు. “నిలబెట్టేస్తే పాడైపోతారేమో.”

కారు పెరటి షెడ్డులో ఉంది. దుమ్ము పట్టింది. సీటు మీద నోటుబుక్కు ఉంది, దాని మీద పట్టిక కాగితం. నేను ఒక్కణ్ణే ఉన్నాను. కేబులు తగిలించి, కొత్త ప్రోగ్రాము తీసేసి, పాతది ఎక్కించాను. తోలే మనిషి లేవలేని స్థితిలో ఉంటేగాని నాకు ధైర్యం రాలేదు.

లోపలికొచ్చి, “ఇప్పుడు బాగుందండి. వాలు ఎక్కేస్తుంది,” అన్నాను.

“అలాగాండీ? ఏం చేసేరు?”

చెప్పడానికి అదే సమయం. మేనకోడలు కూడా వంటింట్లో ఉంది.

“కనెక్షను ఒకటి లూజుగా ఉందండి.”

ఆయన వేళ్ళు దుప్పటి మీద ఏదో కొట్టుకుంటున్నాయి.

“అంత చిన్నదేనా అండీ,” అన్నారు.

తరవాత నా చెయ్యి పట్టుకుని, బత్తాయిలు ఎందుకు తెచ్చేరండీ శ్రమ, అన్నారు. నేను లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటం ఎంత సులువంటే, ఏ రోజుకారోజు ఏదో ఒక ఇన్వర్టరు చెడిపోతూనే ఉంటుంది.

పంటు నరసాపురం ఒడ్డుకి తగిలింది. ఆ రోజు నేను ఇన్వర్టరు ఇంటికి వెళ్ళలేదు. ఆ వరండా ఇంటికి వెళ్ళాను. పెద్దాయన కుర్చీలో ఉన్నాడు, పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కోడలు నన్ను గుర్తుపట్టింది.

“బుధవారం కదండీ. పొద్దున్నే కూర్చోబెట్టమని సైగ చేస్తారు,” అంది.

“మేష్టారు పోయిన సంగతి...”

“మాకు తెలుసండి. మావయ్యగారికి తెలీదు.”

“చెప్పలేదా?”

“ఎలా చెప్పాలండి? ఆ కొట్టే భాష మాకెవరికీ రాదు. అరచేతిలో అక్షరాలు రాసి చూసేం. షుగరుకి చర్మం మొద్దుబారిపోయింది, గీసింది తెలీదు, కొడితేనే తెలుస్తుంది. దాహమంటే గ్లాసు చేతికిస్తాం. స్నానమంటే తువ్వాలు ఇస్తాం. మనిషి పోయేడంటే ఏం ఇస్తామండి?”

నా అడుగుల కదలిక నేలలోంచి తెలిసిందేమో, ఆ పెద్దాయన ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాచి వేళ్ళతో గాలిలో వెతికాడు. కోడలు ఆ చెయ్యి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టింది.

అమలాపురంలో పాత పుస్తకాల కొట్టులో స్కౌట్ల పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఆ అక్షరాల దెబ్బలన్నీ ఉన్నాయి. కొట్టులో గిరాకీ లేనప్పుడు కౌంటరు మీద సాధన చేశాను. కొట్టడం ఓ మాదిరిగా వచ్చింది, వినడం రాలేదు. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బుధవారం వచ్చినప్పుడల్లా, ఇంకో వారం ఆగుదాం, ఇంకొంచెం చేయి తిరగనీ, అనుకునేవాణ్ణి. అది సాధన కోసమో, పాత అలవాటు ప్రకారమో నాకే తెలియదు.

చివరికి వెళ్ళాను. ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టగానే ఆయన మొహం విచ్చుకుంది. మొదటి అక్షరం కొట్టేసరికి ఆ విచ్చుకున్నది ఆగిపోయింది. ఇది ఆ చెయ్యి కాదని తెలిసిపోయింది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. మేష్టారు పోయారు. తప్పులు పడ్డాయి. రెండుచోట్ల మొదటి నుంచి మొదలుపెట్టాను.

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. తరవాత ఆయన నా అరచెయ్యి తీసుకుని కొట్టాడు. నాకు అందలేదు. తల అడ్డంగా ఊపాను, ఆయనకి కనబడదని మరిచిపోయి. ఆయనే అర్థం చేసుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కో అక్షరానికి ఆగి ఆగి కొట్టాడు. మీరెవరు.

కారు బాగుచేసేవాణ్ణని కొట్టి ఆపెయ్యచ్చు. అది నిజమే. నా వేళ్ళు అక్కడ ఆగాయి కూడా. తరవాత మిగతాది కొట్టాను. కారు చెడగొట్టింది నేను. బాగుచెయ్యడం తెలుసు. అడిగారు. కుదరదని చెప్పాను. అందుకే ఆయన రాలేకపోయారు.

ఇంతా కొట్టేసరికి చెమట పట్టింది. ఆయన చెయ్యి నా చేతి కింద నుంచి వెనక్కి పోలేదు. నా అరచేతిలో ఆరు దెబ్బలు పడ్డాయి, పుస్తకంలో ఉన్న ప్రశ్న గుర్తు. ఈసారి వెంటనే అందింది.

“ఏమంటున్నారండి?” అంది కోడలు.

“మళ్ళీ చెప్పమంటున్నారు.”

తప్పులు పడి అర్థం కాలేదో, అర్థమయ్యే అడిగాడో నాకు తెలియదు. మణికట్టు మీద వేళ్ళు సర్దుకుని, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.